డాలీ వేషాలు, డాలీ బొమ్మలు

సాల్వడార్ డాలీ 1904 మే 11న స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతంలో, ఫిగెరాస్ అనే ఊళ్లో పుట్టాడు. తండ్రి నోటరీ. అంతకు తొమ్మిది నెలల ముందు చనిపోయిన అన్న పేరునే ఇతనికీ పెట్టారు. ఐదేళ్ల వయసులో తల్లిదండ్రులు తనను ఆ సమాధి దగ్గరికి తీసుకెళ్లి, వాడే నువ్వై మళ్లీ పుట్టాడని చెప్పారని డాలీ తర్వాత చెప్పుకున్నాడు. తన గురించి అతను చెప్పినవన్నీ నమ్మనక్కర్లేదు. కల్పించడం అతనికి సరదా. అయితే ఆ అన్న మాత్రం అతణ్ని వదల్లేదు. దాదాపు అరవై ఏళ్ల వయసులో, 1963లో, చనిపోయిన అన్న బొమ్మను పెద్ద కాన్వాసు మీద వేశాడు.

1922లో మాడ్రిడ్‌లోని శాన్ ఫెర్నాండో లలితకళల కళాశాలలో చేరాడు. హాస్టల్లో కవి లోర్కా, తర్వాత సినిమా దర్శకుడైన లూయీ బున్యుయేల్ స్నేహితులయ్యారు. పరీక్ష పెట్టే ఆచార్యులకు తనను అంచనా వేసే అర్హత లేదని మొహం మీదే చెప్పడంతో 1926లో కళాశాల అతణ్ని బయటికి పంపింది. ఆ పొగరు వెనుక పనితనం ఉంది. పాత డచ్చి చిత్రకారుల్లా, కుంచె జాడ కనిపించకుండా నున్నగా వేయడం అతనికి అప్పటికే పట్టుబడింది.

కలలను, మనసు అడుగున దాగిన కోరికలను హేతువు అడ్డు లేకుండా బయటికి తేవాలని 1924లో ఆంద్రే బ్రెతాఁ పారిస్‌లో ప్రకటించిన ఉద్యమమే అధివాస్తవికత. దానికి మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ సిద్ధాంతాలు ఆధారం. 1929లో బున్యుయేల్‌తో కలిసి ‘అండలూసియా కుక్క’ అనే చిన్న సినిమా తీశాక డాలీ ఆ బృందంలో చేరాడు. అదే ఏడాది కవి పాల్ ఎలువార్ భార్య గాలా పరిచయమైంది. రష్యాలో పుట్టిన ఆమె, డాలీ కంటే పదేళ్లు పెద్ద. భర్తను వదిలి ఇతనితో వచ్చేసింది. అతని బొమ్మలకు నమూనా ఆమే, లెక్కలు చూసిందీ ఆమే. తండ్రి ఇంట్లోంచి వెళ్లగొట్టాక ఇద్దరూ పోర్ట్ లిగాట్ అనే పల్లెలో జాలరి గుడిసె ఒకటి కొనుక్కున్నారు.

1931లో వేసిన ‘జ్ఞాపకాల స్థిరత్వం’ ఇప్పుడు న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. 24 సెంటీమీటర్ల ఎత్తు, 33 సెంటీమీటర్ల వెడల్పు. ఇంత చిన్నదా అని చూసినవారు ఆశ్చర్యపోతారు. ఎండిన కొమ్మ మీద ఒకటి, దిమ్మె అంచున ఒకటి, నేల మీద పడుకున్న వింత ముఖం మీద ఒకటి, మూడు గడియారాలు మెత్తబడి జారుతుంటాయి. నాలుగోది మూత వేసి ఉంది. దాని నిండా చీమలు. భోజనం తర్వాత బల్లమీద కరుగుతున్న కామెంబేర్ జున్నును చూస్తే ఈ ఊహ వచ్చిందని డాలీ చెప్పాడు. వెనక కనిపించే కొండరాళ్లు మాత్రం కల్పితం కావు, అతని ఊరి దగ్గరి క్రూస్ అగ్రం తీరానివే. చూడగానే నిజమనిపించే తీరం మీద జరగరానిది జరగడమే ఆ బొమ్మ బలం.

ఒకే ఆకారంలో రెండు రూపాలు చూసే తన పద్ధతిని డాలీ మతిభ్రమకు ముడిపెట్టి సిద్ధాంతీకరించాడు. ఊహల కోసం ఒక చిట్కా కూడా రాశాడు: వేళ్ల మధ్య బరువైన తాళంచెవి పట్టుకుని కుర్చీలో కునుకు తీయాలి, కింద పళ్లెం బోర్లించాలి. నిద్ర పట్టగానే తాళంచెవి పళ్లెం మీద పడి మోగుతుంది. ఆ క్షణాన కళ్ల ముందున్నదే బొమ్మకు ముడిసరుకు.

వింతలు బొమ్మలకే పరిమితం కాలేదు. 1936లో లండన్‌లో సముద్రగర్భంలోకి దిగేవారి బరువైన సూటు తొడుక్కుని ఉపన్యాసానికి వచ్చాడు. లోపల ఊపిరాడక గిలగిల్లాడుతుంటే జనం అదీ ప్రదర్శనలో భాగమే అనుకున్నారు. శిరస్త్రాణం ఊడదీసి బతికించాల్సి వచ్చింది. 1955లో కాలీఫ్లవర్లు నింపిన రోల్స్ రాయిస్ కారులో పారిస్‌లోని సోర్బాన్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. 1967లో ఎయిరిండియాకు ఆష్‌ట్రే రూపొందించి, ప్రతిఫలంగా ఏనుగు పిల్లను అడిగాడు; సంస్థ నిజంగానే పంపింది.

హిట్లర్ మీద చూపిన వింత ఆసక్తి, తర్వాత స్పెయిన్ నియంత ఫ్రాంకోకు దగ్గరవడం మాత్రం నవ్వి ఊరుకునేవి కావు. బ్రెతాఁ బృందం 1934లోనే అతణ్ని విచారించింది, 1939కల్లా దూరం పెట్టింది. అతని పేరులోని అక్షరాలనే తారుమారు చేసి బ్రెతాఁ ‘డాలర్ల ఆశపోతు’ అనే అర్థం వచ్చే మారుపేరు తయారుచేశాడు. రెండో ప్రపంచ యుద్ధకాలం అమెరికాలో గడిపిన డాలీ, హిచ్‌కాక్ తీసిన ‘స్పెల్‌బౌండ్’లో కల సన్నివేశానికి దృశ్యాలు గీశాడు. తిరిగొచ్చాక 1951లో శిలువను పైనుంచి చూసినట్టు అతను వేసిన క్రీస్తు బొమ్మ తర్వాత గ్లాస్గోకు చేరింది. ఆ తర్వాతి కాలంలో అంత గట్టి పని తక్కువ. ఖాళీ కాగితాల మీద సంతకాలు చేయడంతో అతని ప్రింట్లలో అసలేదో నకిలీ ఏదో తేల్చడం నేటికీ చిక్కే.

స్పెయిన్ అంతర్యుద్ధంలో కాలిపోయిన ఫిగెరాస్ నాటకశాలను 1974లో తన మ్యూజియంగా తెరిచాడు. 1982లో గాలా పోయాక దాదాపు పని మానేశాడు. 1989 జనవరి 23న మరణించగా, ఆ మ్యూజియంలోనే సమాధి చేశారు. ఆస్తినంతా స్పెయిన్ ప్రభుత్వానికి రాసిపోయాడు. తాను అతని కూతురినని ఒక మహిళ వేసిన కేసులో 2017లో కోర్టు శవాన్ని వెలికితీయించి డీఎన్ఏ పరీక్ష చేయించింది. కాదని తేలింది.