యాప్ మూసుకుపోతోందా? రూటర్‌ను చూడండి

యాప్ పదేపదే మూసుకుపోతుంటే చాలామంది దాన్ని తీసేసి మళ్లీ వేసుకుంటారు. ఒక్కోసారి అసలు దోషి గోడకు తగిలించిన రూటర్!

రూటర్‌లో పెట్టే వైఫై పేరు కూడా ఫోన్‌ను తికమక పెట్టొచ్చు. 2021 జూన్‌లో కార్ల్ షౌ అనే పరిశోధకుడు పర్సంట్ గుర్తుల మధ్య పీ, ఎస్, ఎన్ అక్షరాలు కలిపి ఒక వైఫై పేరు పెట్టాడు. దానికి కనెక్ట్ చేయగానే ఐఫోన్‌లో వైఫై పడిపోయింది. ఫోన్ ఆపి వేసినా, వైఫై పేరు మార్చినా రాలేదు. ఆ పేరును ఫోన్ ఉత్త పేరుగా కాక, ఆదేశంగా చదవడమే కారణం. నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేశాకే దారికొచ్చింది. యాపిల్ దీన్ని ఐఓఎస్ 14.7లో సరిదిద్దింది.

అది అరుదైన వింత. బంట్వారంలోనైనా తాండూరులోనైనా, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లతో నడిచే ఫైబర్ కనెక్షన్లో ఎదురయ్యే చిక్కు ఎంటీయూ, అంటే ఒక్కో డేటా ప్యాకెట్ గరిష్ఠ సైజు. మామూలుగా 1500 బైట్లు. ఇలా లాగిన్‌తో నడిచే పీపీపీఓఈ పద్ధతి అందులో 8 తీసుకుంటుంది, మిగిలేది 1492. రూటర్‌లో ఈ అంకె తప్పితే కొన్ని సైట్లు తెరుచుకుంటాయి, కొన్ని తిరుగుతూనే ఉంటాయి. జవాబు రాకపోతే ఏం చేయాలో రాసుకోని యాప్ కుప్పకూలుతుంది.

ముందు అదే ఫోన్‌ను మొబైల్ డేటాపై నడిపి చూడండి. అప్పుడు బాగుంటే అనుమానం రూటర్ మీదే. పాత సెట్టింగ్స్ ఫొటో తీసుకుని, ఒక్కొక్కటే మార్చండి. ఫ్యాక్టరీ రీసెట్ జోలికి తొందరపడి పోవద్దు; లాగిన్ వివరాలు చెరిగిపోతే కేబుల్ ఆపరేటర్ వచ్చేదాకా నెట్ ఉండదు. మొబైల్ డేటాలోనూ పడిపోతుంటే మాత్రం రూటర్‌ను వదిలేసి, యాప్‌ను అప్‌డేట్ చేయండి.