తాడు లాగితే... థ్యాంక్స్!

అదే ఫ్యాక్టరీ. అదే కార్మిక సంఘం. చాలావరకూ ఆ మనుషులే. పనికిరాదని మూసేసిన కార్ల కర్మాగారం మళ్లీ తెరుచుకుని, ఏడాదిలోనే నాణ్యతలో మేటి అనిపించుకుంది. అక్కడ ముందుగా మారింది పైవాళ్ల ప్రవర్తన!

కొత్త కారు. ఇంటికి తెచ్చి పట్టుమని పది రోజులైనా కాలేదు. గతుకుల రోడ్డెక్కితే చాలు, తలుపులోంచి గలగలమని చప్పుడు. మెకానిక్ తలుపు విప్పి చూస్తే... లోపల ఖాళీ కూల్‌డ్రింకు సీసా!

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, ఫ్రీమాంట్ ఊళ్లో ఉన్న జనరల్ మోటార్స్ కర్మాగారానికి ఒకప్పుడు ఇలాంటి పేరుండేది. ఆ సీసాలు పొరపాటున పడినవి కావు. యాజమాన్యం మీద కోపంతో కార్మికులు కావాలని పెట్టినవే. పని వేళల్లో మందు, జూదం, మత్తుపదార్థాలు. ఏ రోజు చూసినా దాదాపు అయిదో వంతు మంది డుమ్మా. కొన్ని సోమవారాలైతే మనుషులు చాలక, రోడ్డుకు అవతల ఉన్న బార్‌కెళ్లి లాక్కొచ్చేవారట. అమెరికా కార్ల పరిశ్రమలో ఇంత అధ్వాన్నమైన కార్మికులు ఇంకెక్కడా లేరనేవారు. ఆ మాట యాజమాన్యానిది కాదు, సాక్షాత్తూ వాళ్ల సంఘం నాయకుడిదే! చివరికి 1982లో ఫ్యాక్టరీ మూతపడింది. వేలమంది రోడ్డున పడ్డారు.

తప్పంతా కార్మికులదేనా? అక్కడ ఒక నియమం ఉండేది. ఏం జరిగినా సరే, లైను ఆగకూడదు. బోల్టు బిగుసుకోకపోయినా, ఒక కారుకు ఇంకో కారు భాగం తగిలించినా బండి ముందుకు పోవాల్సిందే. ఆ లోపాలన్నీ చివర్లో ఇంకెవరో సరిచేస్తారు. పొరపాటును చూసి నోరెత్తినవాడికి దక్కేవి తిట్లు. చూసీ చూడనట్టు వదిలేసినవాడి జీతం పదిలం. అలాంటిచోట ఏళ్ల తరబడి పనిచేసిన మనిషికి చేసే పనిమీద గౌరవం ఎక్కణ్నుంచి వస్తుంది?

పాతవాళ్లతోనే...

1984లో ఆ గేట్లు మళ్లీ తెరుచుకున్నాయి. ఈసారి జనరల్ మోటార్స్‌తో చేయి కలిపింది జపాన్‌కు చెందిన టొయోటా. ఉమ్మడి సంస్థ పేరు 'న్యూమీ'. అమెరికా కార్మికులతో ఎలా పనిచేయించాలో టొయోటాకు తెలియాలి. చిన్న కార్లను లాభసాటిగా తయారుచేయడం ఎలాగో జనరల్ మోటార్స్‌కు తెలియాలి. ఎవరి అవసరం వాళ్లది. పాత సంఘాన్ని గుర్తించి, పాతవాళ్లనే పనిలోకి తీసుకున్నారు. కొత్త కంపెనీలో నూటికి 85 మంది వాళ్లే. వారిలో వందల మందిని జపాన్‌లోని తకఓకా కర్మాగారానికి శిక్షణకు పంపారు.

అక్కడ వాళ్లకు విచిత్రంగా తోచింది ఒక తాడు. లైను పొడుగునా తల మీద వేలాడుతూ ఉంటుంది. పనిలో ఏ కాస్త తేడా కనిపించినా లాగొచ్చు. లాగగానే ఒక పాట మోగుతుంది, బోర్డు మీద దీపం వెలుగుతుంది. ఆ జట్టు నాయకుడు పరుగున వస్తాడు. ఇద్దరూ కలిసి సరిచేయగలిగితే మళ్లీ లాగుతారు, పని సాగిపోతుంది. ఆలోపు కాలేదా, లైను ఆగుతుంది. నిన్నటిదాకా లైను ఆపడమంటే ఉద్యోగం పోగొట్టుకోవడమే అనుకున్న కార్మికుడికి ఇది నమ్మశక్యం కాలేదు. అంతకన్నా నమ్మలేనిది, పరుగెత్తుకొచ్చిన నాయకుడు 'ఎవడు లాగాడు?' అని అరవకపోవడం. థ్యాంక్స్ చెప్పి, 'ఏమైంది?' అని అడగడం!

న్యూమీలో ఆ తాడు ఒక్కటే కాదు, చిన్నవే అయినా చాలా మారాయి. అధికారులకు వేరే భోజనశాల లేదు. కార్లు నిలుపుకొనేందుకు ప్రత్యేకంగా చోటు లేదు. అందరూ ఒకే క్యాంటీన్‌లో తినాల్సిందే. ఏడాది తిరిగేసరికి గైర్హాజరు రెండు మూడు శాతానికి దిగింది. జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలన్నింట్లోకీ నాణ్యమైన కార్లు ఇక్కణ్నుంచే రాసాగాయి.

అసలు పరీక్ష 1988లో వచ్చింది. కార్లు అమ్ముడుపోలేదు. కర్మాగారం సామర్థ్యంలో సుమారు 60 శాతమే నడిచింది. మామూలుగా అయితే మొదట తెగిపడేవి కార్మికుల ఉద్యోగాలే. న్యూమీలో ఒక్కరినీ తీసేయలేదు. ఖాళీగా ఉన్నవారిని శిక్షణకూ, మరమ్మతు పనులకూ మళ్లించారు. 'మీ పని సులువయ్యే ఉపాయం చెప్పండి, దానివల్ల ఎవరి ఉద్యోగమూ పోదు' అన్న మాటను కార్మికులు ఆ ఏడాదితో నమ్మారు. 1991లో వాళ్లిచ్చిన సలహాలు పది వేలకు పైమాటే. అందులో ఎనభై శాతానికి పైగా అమలయ్యాయి కూడా. తాళం తుప్పుపట్టిన సలహాల పెట్టెలు మన ఆఫీసుల వరండాల్లో ఎన్ని చూడటం లేదు!

శిక్షణ కార్యక్రమంలో పాలుపంచుకున్న టొయోటా మాజీ మేనేజర్ జాన్ షుక్ ఆ అనుభవాన్ని తర్వాత రాశారు. ముందు మనుషుల ఆలోచన మార్చి ఆపైన పని మారుస్తామనుకోవడం తిరగేసిన దారి అంటారాయన. రోజూ చేసే పనులు మారితే ఆలోచన దానంతటదే మారుతుందట.

ఫొటోలకు దొరకనిది

విజయం కళ్లెదుటే ఉంది. సగం వాటా సొంతానిదే. జనరల్ మోటార్స్ దాన్ని మిగతా చోట్ల కాపీ కొట్టలేకపోయిందెందుకు? న్యూమీలో అంగుళం అంగుళం ఫొటో తీసి, తమ ఫ్యాక్టరీ కూడా అచ్చం అలాగే కనబడేలా చేయమని ఒక పెద్దాయన ఆజ్ఞ ఇచ్చాడట. లాస్ ఏంజెలిస్‌లోని వాన్ నైస్ కర్మాగారంలో జట్లు కట్టారు, తాళ్లూ కట్టారు. కానీ మేనేజర్ల బోనస్ మాత్రం ఎన్ని కార్లు బయటికెళ్లాయన్న దానిమీదే. ఇక తాడు లాగితే నవ్వుతూ వచ్చే మేనేజర్ ఎవరుంటారు? ఉద్యోగానికి భరోసా లేని కార్మికులూ ఈ కొత్త పద్ధతిని అనుమానంగానే చూశారు. 1992లో వాన్ నైస్ మూతపడింది. 2009 జూన్‌లో జనరల్ మోటార్స్ దివాలా పిటిషన్ వేసి, న్యూమీ నుంచి తప్పుకుంది. ఒంటరిగా నడపడానికి టొయోటా ఇష్టపడలేదు. 2010 ఏప్రిల్ 1న అక్కడ ఆఖరి కారు తయారైంది. ఇప్పుడు ఆ ప్రాంగణం టెస్లాది.

గురువు ఇంట్లోనే!

ఒకసారి నేర్చుకున్న మంచి అలవాటు ఎప్పటికీ ఉండిపోతుందన్న హామీ నేర్పినవాళ్లకూ లేదు. చిన్న కార్లకు పేరున్న డైహత్సు సంస్థ పూర్తిగా టొయోటాదే. అక్కడ భద్రతా పరీక్షల్లో మోసం జరుగుతోందని లోపలివారే బయటపెట్టారు. స్వతంత్ర కమిటీ 2023 డిసెంబరులో ఇచ్చిన నివేదిక ప్రకారం 64 మోడళ్లలో 174 అవకతవకలు. అన్నింటిలో పాతది 1989 నాటిది. ఢీకొట్టే పరీక్షలో ఎయిర్‌బ్యాగ్ తనంతట తాను తెరుచుకోవాల్సిందిపోయి, టైమర్ పెట్టి పేల్చిన ఉదంతాలూ అందులో ఉన్నాయి. కంపెనీ కార్ల సరఫరా మొత్తం ఆపేయాల్సి వచ్చింది.

వాళ్లు దొంగలు కారు. గడువు మరీ బిగుతు. తొలిసారే పాసవ్వాలన్న ఒత్తిడి. కష్టం ఉందని పైవాళ్లకు చెప్పుకుంటే 'అయితే ఏం చేస్తావ్?' అన్న ధోరణే తప్ప సాయం లేదు. దాంతో చెప్పడం మానేశారు. 2024 మార్చిలో డైహత్సుకు కొత్త అధ్యక్షుడు వచ్చాడు. టొయోటా పంపిన మనిషే. కొత్త మోడళ్ల గడువును పొడిగించడం అక్కడ మొదలైన దిద్దుబాట్లలో ఒకటి.