పాత బొమ్మకు క్రొత్త మ్రొక్కు

బొమ్మలను గూర్చి రేడియోలో ప్రసంగించుట కొంత సాహసమే. చూపుటకు నాకు వీలు లేదు, చూచుటకు మీకు వీలు లేదు. కావున ముందుగా ఒక బొమ్మను మాటలతోనే మీ యెదుట నిలుపుదును.

ఆకుపచ్చని మోటారుకారు ఒకటి. నీలి దుస్తులు తొడిగి, వీపున ఎఱ్ఱని ఉత్తరీయము ఎగురుచుండగా, ఒక బలశాలి దానిని రెండుచేతుల పైకెత్తి బండరాతికేసి కొట్టుచున్నాడు. ముందువైపున ఒక మనుష్యుడు తల పట్టుకొని, కన్నులు విప్పార్చి, పటములోనుండి మన మీదికే వచ్చునట్లు పరుగిడుచున్నాడు. ఇది 1938 జూన్ తేదీతో అమెరికాలో వెలువడిన 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక ముఖచిత్రము. ఆ బలశాలి సూపర్‌మాన్. కథ కల్పించినవాడు జెర్రీ సీగెల్, బొమ్మ వ్రాసినవాడు జో షూస్టర్. అప్పటికి ఇరువురికిని ఇరువదిమూడేండ్లు. పుస్తకము వెల 10 సెంట్లు.

ఆ దినములలో చిత్రకథల పుస్తకములు వార్తాపత్రికల దుకాణములలో పదులకొలదిగా వ్రేలాడుచుండెడివి. చేతిలో ఒకే నాణెమున్న పిల్లవాడు దేనిని తీయవలెనో క్షణములో తేల్చుకొనును. కథ చదివి తేల్చుకొనునంత తీరిక లేదు. కనుక ముఖచిత్రము పది అడుగుల దూరమునుండియే పలుకవలెను. అట్లు పలికిన బొమ్మ కొన్నివేలమంది బాలుర మనస్సులో ముద్రపడి, వారు పెద్దవారై తామే కలము పట్టినప్పుడు మరల చేతిలోనికి దిగును. ఈ మ్రొక్కుబడికి పుట్టుక అదియే.

జాక్ కిర్బీ 1961లో 'ఫెంటాస్టిక్ ఫోర్' మొదటి సంచికకు వ్రాసిన ముఖచిత్రమును చూడుడు. నడివీధిలో నేల బ్రద్దలై ఒక భయంకరమృగము పైకి లేచుచున్నది. దాని పిడికిట ఒక యువతి చిక్కియున్నది. నలుదెసల వీరులు ఎదురుకొనుచున్నారు. 1984లో అదే పత్రిక 264వ సంచికకు జాన్ బర్న్ ఈ అమరికనే మరల తీర్చెను. 1993లో 'సింప్సన్స్ కామిక్స్' మొదటి సంచికలో ఆ మృగము స్థానమున బట్టతల, బొజ్జ గల హోమర్ సింప్సన్ భూమిలోనుండి లేచెను. మొదటిది భక్తి, రెండవది పరిహాసము. అయినను రెండింటికిని మూలము పాఠకుని జ్ఞాపకమునందే యున్నది. కిర్బీ బొమ్మ నెరుగనివానికి హోమర్ వట్టి రాక్షసుడు. ఎరిగినవానికి నవ్వు ఆగదు.

ఇట్టి ముఖచిత్రములలో నా మనస్సున కెక్కువగా తగిలినది 1985 నాటిది. 'క్రైసిస్ ఆన్ ఇన్ఫినిట్ ఎర్త్స్' ఏడవ సంచికకు జార్జ్ పెరెజ్ వ్రాసినది. సూపర్‌మాన్ తన సోదరివంటి సూపర్‌గర్ల్ మృతదేహమును చేతులపై మోసికొని యేడ్చుచున్నాడు. కారునెత్తిన చేతులే ఇప్పుడు శవము నెత్తినవి! ఈ భంగిమ పెరెజ్ సొంతము కాదు. 1980లో 'ఎక్స్‌-మెన్' 136వ సంచిక ముఖచిత్రమున సైక్లాప్స్ తన ప్రియురాలిని ఇట్లే మోసెను. దానికి ముందు 1963లో 'బాట్‌మాన్' 156వ సంచికలో బాట్‌మాన్ రాబిన్ అను బాలుని మోసెను. ఇంకను వెనుకకు పోయినచో రోమునగరపు సెయింట్ పీటర్స్ ఆలయమున మైకెలాంజెలో యౌవనములో చెక్కిన పాలరాతి పియెటా కనబడును; అందు తల్లి తన కుమారుని కళేబరమును ఒడిలో నుంచుకొన్నది. అక్కడ తల్లి కూర్చున్నది, ఇక్కడ వీరుడు నిలుచున్నాడు. అయినను బరువు అదియే. అయిదువందల యేండ్లనాటి శోకము పదునాలుగేండ్ల పిల్లవాని చేతిలోని చౌకకాగితముపైకి ఈ త్రోవనే వచ్చినది.

ఇచట ఒక సందేహము. ఇది మ్రొక్కా, దొంగతనమా? ఆ వృత్తిలోనివారు పరుల బొమ్మ నెత్తుకొనుటను 'స్వైప్' అని మొగమాటములేక పిలుతురు. 1939లో బాట్‌మాన్ తొలిసారి కనబడిన 'డిటెక్టివ్ కామిక్స్' 27వ సంచిక ముఖచిత్రమును నేడెందరో అనుకరించి గౌరవించుచున్నారు. కాని దానిని వ్రాసిన బాబ్ కేన్, త్రాడుపట్టి యూగు ఆ వీరుని భంగిమను అలెక్స్ రేమండ్ వ్రాసిన 'ఫ్లాష్ గోర్డన్' బొమ్మనుండి చల్లగా తీసికొనెను. ఎత్తుకొన్న సొమ్ముకే తరువాతివారు మ్రొక్కుచున్నారన్నమాట!

మన ఆలంకారికులు ఈ చిక్కును వేయియేండ్లకు పూర్వమే విచారించిరి. కవుల భావములలో పోలిక మూడువిధములని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున చెప్పెను: అద్దములోని ప్రతిబింబమువంటిది, మనుష్యుని చూచి వ్రాసిన చిత్తరువువంటిది, ఒకే పోలికగల ఇరువురు మనుష్యులవంటిది. మొదటి రెండును విడువదగినవి. మూడవదానికి మాత్రము సొంతప్రాణము గలదు గనుక గ్రాహ్యము. పెరెజ్ బొమ్మ ఈ మూడవకోవకు చెందునని నా యభిప్రాయము. ఇటీవల ఒకే సంచికకు అనేక ముఖచిత్రములు అచ్చువేసి సంగ్రాహకులకు అమ్ముట అలవాటైనది. 1986లోనే 'మ్యాన్ ఆఫ్ స్టీల్' మొదటి సంచిక రెండు ముఖములతో వెలువడెను. అట్లు గుట్టలుగా వచ్చు అనుకరణములలో పెక్కింటికి అద్దపునీడ పాటి ప్రాణమైనను లేదని చెప్పక తప్పదు.

మర్యాదగల చిత్రకారులు తమ సంతకముప్రక్క 'కిర్బీ ననుసరించి' అనియో, 'షూస్టరు ననుసరించి' అనియో వ్రాయుదురు. ఆ చిన్నమాటయే మ్రొక్కునకు దొంగతనమునకు నడుమ నున్న గట్టు. 1963లో రాయ్ లిక్టెన్‌స్టైన్ 'వామ్!' అను పెద్దపటమును రచించెను. అది నేడు లండనులోని టేట్ చిత్రశాలది. దాని మూలము 1962 నాటి ఒక యుద్ధకథలో ఇర్వ్ నోవిక్ వ్రాసిన బొమ్మ. పటముపై నోవిక్ పేరు లేదు. పుటల లెక్కన కూలి తీసికొని వ్రాసినవాని బొమ్మ, అటుపై చిత్రశాలలో మరొకరి కీర్తియై నిలిచినది.

షూస్టరుకైనను మొదట జరిగిన దేమి? 1938లో సూపర్‌మాన్ కథను సర్వహక్కులతో 130 డాలర్లకు మిత్రు లిరువురును ప్రచురణకర్తల కిచ్చివేసిరి. తరువాత వ్యాజ్యములు నడచినవి, పేర్లు తొలగినవి. షూస్టరుకు చూపు మందగించినది. ఆ కారునెత్తు భంగిమను లోకమంతయు అనుకరించుచుండగా, దాని కర్త బీదతనమున నుండెను. 1975లో పత్రికలలో అలజడి రేగగా కంపెనీవారు ఇరువురికిని ఏటికి 20,000 డాలర్ల చొప్పున భృతి యేర్పరచిరి. షూస్టర్ 1992లో మరణించెను. ఆ మొదటి సంచిక ప్రతి యొకటి 2014లో 32 లక్షల డాలర్లకు పైగా అమ్ముడుపోయెను. 1975 నాటి యొడంబడికలో భృతితోబాటు మరియొకటి కూడ చేరినది: సూపర్‌మాన్ కథలలో సీగెల్, షూస్టర్ అను పేర్లు మరల అచ్చగుట. నాటినుండి అవి అచ్చగుచున్నవి.