నావలో విద్యుత్తు: పెద్ద ఆల్టర్నేటర్, దానికొక కళ్ళెం

1895లో అమెరికాలోని బోస్టన్ రేవు నుండి జాషువా స్లోకమ్ అనే నావికుడు ‘స్ప్రే’ అనే చిన్న తెరచాప నావలో ఒంటరిగా బయలుదేరి, 1898లో భూప్రదక్షిణం ముగించాడు. ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టి వచ్చిన మొదటి మానవుడు ఆయనే. ఆ నావలో విద్యుత్తు అనే మాటే లేదు. నూనె దీపం, దిక్సూచి, ఒక డాలరుకు కొన్న తగరపు గడియారం మాత్రమే ఆయనకు తోడుగా ఉండినవి.

డెబ్బది సంవత్సరాల తరువాత, 1968లో, ఆగకుండా ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే పందెంలో డొనాల్డ్ క్రోహర్స్ట్ అనే బ్రిటిషు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు పాల్గొన్నాడు. మూడు దోనెలను ప్రక్కప్రక్కన కలిపినట్లుండే ఆయన నావ పేరే ‘టైన్‌మౌత్ ఎలక్ట్రాన్’. బయలుదేరిన కొద్ది దినాలకే జనరేటరు ఉన్న అరలోకి సముద్రపు నీరు చొరబడింది. వైర్‌లెస్, దీపాలు మాత్రమే కాదు, నావ తలక్రిందులు కాకుండా ఆపడానికి స్తంభం కొనపై అమర్చదలచిన గాలితిత్తి కూడ విద్యుత్తు మీదనే ఆధారపడి ఉన్నది. క్రోహర్స్ట్ ఇంటికి తిరిగి రాలేదు. 1969 జూలైలో ఆయన నావ మాత్రమే ఖాళీగా దొరికినది. ఆ విషాదానికి కారణాలు అనేకం, వాటినన్నింటినీ ఒక జనరేటరుకు అంటగట్టడం న్యాయం కాదు. అయినప్పటికీ విద్యుత్తు పోతే నావలో ఒకేసారి ఎన్ని పోతాయో ఈ ఉదంతం స్పష్టం చేస్తున్నది.

మన కాలానికి వద్దాము. 2017 సెప్టెంబరు 10న గోవా నుండి భారత నౌకాదళానికి చెందిన ‘తారిణి’ అనే 55 అడుగుల తెరచాప నావలో ఆరుగురు మహిళా అధికారులు బయలుదేరి, 254 దినాల తరువాత 2018 మే 21న తిరిగివచ్చారు. వారిలో పి. స్వాతి విశాఖపట్నానికి, బొడ్డపాటి ఐశ్వర్య హైదరాబాదుకు చెందినవారు. నావను నడిపినది గాలియే. కాని ఉపగ్రహాల ద్వారా సంభాషణ, దారి చూపే పరికరాలు, రాత్రి దీపాలు, ఇవన్నీ బ్యాటరీలు లేకుండా పనిచేసేవి కావు. సాధారణ యాత్రికుల నావలలో వీటికి శీతల పెట్టె, చుక్కాని పట్టే యాంత్రిక సారథి కూడ తోడవుతున్నవి. సుమారు 40 అడుగుల నావ దినానికి 120 నుండి 150 ఆంపియర్-గంటల విద్యుత్తును, 12 వోల్టుల వద్ద, ఖర్చు చేయడం వింత కాదు. సౌర ఫలకాలు కొంత తీరుస్తాయి. మబ్బు పట్టిన వారంలో మిగిలే ఆధారం ఇంజనుకు బిగించిన ఆల్టర్నేటరే.

ఇక్కడనే చిక్కు ఆరంభమవుతున్నది. చిన్న నావల డీజిల్ ఇంజన్లతో వచ్చే ఆల్టర్నేటర్ సాధారణంగా మోటారు కారు కోసం రూపొందినది. కారులో దాని పని స్వల్పం. ఇంజను కదిలించడానికి బ్యాటరీ కొన్ని క్షణాలు మాత్రమే శ్రమిస్తుంది; ఆ లోటు కొద్ది నిమిషాలలో పూడుతుంది; తరువాత దీపాలకు, ఇతర పరికరాలకు సరిపడినంత ఇస్తే చాలును. నావలో అట్లు కాదు. రాత్రంతా సగం ఖాళీ అయిన 400 ఆంపియర్-గంటల బ్యాటరీ సమూహం ఉదయం దానిముందు నోరు తెరచుకొని ఉంటుంది.

ఆల్టర్నేటర్ లోపలి ఏర్పాటును కొంత తెలుసుకొననిదే మిగిలినది బోధపడదు. మధ్యలో తిరిగే రోటార్‌లో ఒక తీగచుట్ట ఉన్నది. దానికి బ్రష్‌ల ద్వారా కొద్ది ఆంపియర్ల విద్యుత్తును అందిస్తే అది అయస్కాంతమవుతుంది. ఈ అయస్కాంతం తిరిగినప్పుడు చుట్టూ కదలకుండా ఉన్న స్టేటార్ చుట్టలలో విద్యుత్తు పుడుతుంది. డయోడ్లు దానిని ఏకముఖ విద్యుత్తుగా మారుస్తాయి. అనగా రోటారుకు ఇచ్చే ఆ నాలుగైదు ఆంపియర్లను అదుపు చేస్తే బయటికి వచ్చే నూరు ఆంపియర్లనూ అదుపు చేసినట్లే. ఆ అదుపు చేసే పరికరం పేరే రెగ్యులేటర్. కారు ఆల్టర్నేటర్లలో అది వెనుక భాగంలో బొటనవ్రేలంత పెట్టెలో ఇమిడి ఉంటుంది. దానికి తెలిసినది ఒక్కటే సంఖ్య, సుమారు 14 వోల్టులు.

ఆ 14 వోల్టులు కూడ ఆల్టర్నేటర్ దగ్గరి లెక్కయే గాని బ్యాటరీ దగ్గరిది కాదు. రెండు బ్యాటరీ సమూహాలను వేరుచేయడానికి పాత నావలలో డయోడ్ల పెట్టె ఒకటి అమర్చేవారు. అందులోనే ఆరేడు పదవ వంతుల వోల్టు హరించిపోతుంది. బ్యాటరీకి చేరేది 13.3 లేక 13.4 మాత్రమే. సీసపు బ్యాటరీ నిండడానికి 14.4 వరకు అవసరం. ఫలితమేమనగా మొదట ఉత్సాహంగా ప్రవహించిన విద్యుత్తు అరగంటలోనే మందగిస్తుంది. బ్యాటరీ ఏనాడూ పూర్తిగా నిండదు. సీసపు పలకలపై సల్ఫేటు గట్టిపడి, అయిదారేండ్లు ఉండవలసినది రెండేండ్లకే చెల్లిపోతుంది. ఇంజను మాత్రం భారం లేకుండా గంటల తరబడి తిరిగి డీజిలును, తన ఆయుస్సును వ్యర్థం చేసుకొంటుంది.

ఇట్టి స్థితిలో యజమానికి తోచే మొదటి ఆలోచన: 60 ఆంపియర్ల ఆల్టర్నేటర్‌ను తీసివేసి 150 ఆంపియర్లది బిగిద్దామని. సహజమే. కాని రెగ్యులేటర్‌ను మార్చకుండా ఆల్టర్నేటర్‌ను మార్చితే, బ్యాటరీ దగ్గర అదే 13.4 వోల్టులు, అదే మందగమనం. ఖర్చు మాత్రం రెట్టింపు. ముందు మార్చవలసినది రెగ్యులేటర్. ఈ క్రమాన్ని తారుమారు చేసినవారే ఎక్కువ.

వెలుపల అమర్చే రెగ్యులేటర్ తన వోల్టేజిని బ్యాటరీ ధ్రువాల వద్దనే, ప్రత్యేకమైన సన్నని తీగ ద్వారా, కొలుచుకొంటుంది. మొదట శక్తి కొద్దీ నింపుతుంది. 14.4 వోల్టులు చేరిన తరువాత అక్కడనే నిలిపి, బ్యాటరీ పుచ్చుకొనే విద్యుత్తు దాని సామర్థ్యంలో ఒకటి రెండు శాతానికి తగ్గేవరకు ఓపికగా కాచుకొంటుంది. ఆ పిమ్మట 13.4 ప్రాంతానికి దిగి, నిండిన కుండను తొణకకుండా కాపాడుతుంది. బ్యాటరీ జాతిని బట్టి ఈ సంఖ్యలు మారుతాయి. జెల్ బ్యాటరీకి 14.1 మించరాదు. దీనిని కలపడంలో ఒక మెలకువ ఉన్నది. కొన్ని ఆల్టర్నేటర్లలో రోటారు చుట్టకు ధనధ్రువం వైపు నుండి, కొన్నింటిలో ఋణధ్రువం వైపు నుండి అదుపు ఉంటుంది. రెగ్యులేటర్ అదే జాతిది కాకున్నా, అదుపు తీగ పొరపాటున బ్యాటరీ ధనధ్రువానికి తగిలినా, కళ్ళెం తెగినట్లే. వోల్టేజి 16 దాటి బ్యాటరీలు కుతకుతలాడుతాయి.

ఇప్పుడు పెద్ద ఆల్టర్నేటర్ సంగతి చూద్దాము. దానిమీద వ్రాసిన 150 ఆంపియర్లు చల్లని యంత్రం, వేగంగా తిరిగేటప్పటి లెక్క. రాగితీగ ఒక్కొక్క సెల్సియస్ డిగ్రీ వేడెక్కే కొలది దాని నిరోధం సుమారు 0.39 శాతం పెరుగుతుంది. నూరు డిగ్రీలు పెరిగితే దాదాపు 40 శాతం. అందువలన వేడెక్కిన ఆల్టర్నేటర్ తన పేరులోని సంఖ్యలో మూడు వంతులు ఇస్తే గొప్ప. ఆ వేడి ఎంత? 150 ఆంపియర్లు, 14.2 వోల్టులు అనగా 2,130 వాట్లు. ఇట్టి యంత్రాల సామర్థ్యం 55 శాతం ప్రాంతంలో ఉంటుంది. కావున ఇంజను సుమారు 3,900 వాట్లు, అనగా అయిదు అశ్వశక్తికి పైగా, ఇవ్వవలసి ఉంటుంది. తేడా 1,700 వాట్లకు పైన. రెండు ఇస్త్రీ పెట్టెలను ఏకకాలంలో వెలిగించి ఒక బొచ్చెలో మూతపెట్టినంత వేడి అది. చుట్టూ ఉన్నది బయటి గాలి కాదు, ఇంజను గదిలోని 50 డిగ్రీల ఉడుకు.

అన్నింటికంటె ప్రమాదకరమైనది ఇంజను నెమ్మదిగా తిరిగే సమయం. అప్పుడు రోటారుకు పూర్తి విద్యుత్తు అందుతూ ఉంటుంది. దానిని చల్లబరచవలసిన విసనకర్ర మాత్రం మందంగా తిరుగుతుంది. లంగరు వేసిన నావలో, ఇరుగుపొరుగు నావలకు చప్పుడు వినిపించరాదని ఇంజనును కనిష్ఠ వేగంలో నడిపే మర్యాదస్థులు ఆల్టర్నేటర్లను కాల్చుకొనేది ఇందువలననే. మంచి రెగ్యులేటర్‌కు ఆల్టర్నేటర్ ఒంటిపై అతికించే ఉష్ణమాపకం ఉంటుంది. 105 డిగ్రీల ప్రాంతానికి చేరగానే అది రోటారు విద్యుత్తును తగ్గిస్తుంది. ఆ చిన్న తీగను ‘తరువాత చూద్దాము’ అని వదిలివేయడం వివేకం కాదు.

అయిదు అశ్వశక్తిని మోయవలసినది బెల్టు. ఒంటి వి-బెల్టు, సన్ననిదైతే 80, వెడల్పైనదైతే 100 ఆంపియర్ల ప్రాంతం వరకు మోయగలదు. అంతకు మించితే జారుతుంది, నల్లని పొడి రాలుస్తుంది. పలు గాళ్ళ బెల్టు, దానికి తగిన పుల్లీలు అవసరం. ఇంజను తయారీదారు తన షాఫ్టుపై ఎంత ప్రక్క లాగుడును అనుమతిస్తాడో ముందే చూచుకొనవలెను. కొందరు రెగ్యులేటర్‌లోనే గరిష్ఠ పరిమితిని మూడు వంతులకు కట్టివేస్తారు. బెల్టు బ్రతుకుతుంది, నష్టం స్వల్పం.

తీగల మాట చెప్పవలెను గాని లెక్కయే చెబుతుంది. ఆల్టర్నేటర్ నుండి బ్యాటరీకి, తిరిగి రావడానికి కలిపి 6 మీటర్లు అనుకొందాము. పాత 16 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 150 ఆంపియర్లు ప్రవహిస్తే దాదాపు ఒక వోల్టు పోతుంది. ఆ తీగయే 145 వాట్ల వేడిని పుట్టిస్తుంది. 50 చదరపు మిల్లీమీటర్ల తీగలో పోయేది 0.3 వోల్టు మాత్రమే. ఫ్యూజును తీగకు బ్యాటరీ వైపు కొనలో పెట్టవలెను. తీగ ఎక్కడైనా ఒరుసుకొని ఇంజను లోహానికి తగిలితే వేల ఆంపియర్లను గుమ్మరించేది బ్యాటరీ గాని ఆల్టర్నేటర్ కాదు. పెట్రోలు ఇంజన్ల నావలలో మరొక నిషేధం ఉన్నది. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువు, నావ అడుగున పేరుకొంటుంది. నిప్పురవ్వ బయటపడకుండా తయారైన నావికా ఆల్టర్నేటర్‌నే వాడవలెను. కారుది చవక అని తెచ్చి బిగించడం ప్రాణాంతకం.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల రాకతో ఈ విషయమంతా మరొక మలుపు తిరిగినది. సీసపు బ్యాటరీ నిండే కొలది తానే ‘ఇక చాలు’ అని విద్యుత్తును నెమ్మదిగా నిరాకరిస్తుంది. ఆ నిరాకరణయే ఇన్నాళ్ళు చిన్న ఆల్టర్నేటర్లను కాపాడినది. లిథియం బ్యాటరీకి ఆ మొగమాటం లేదు. దాదాపు నిండేవరకు ఎంత ఇస్తే అంత పుచ్చుకొంటుంది. ఆల్టర్నేటర్ రెండు మూడు గంటలు విరామం లేకుండా శిఖర స్థాయిలో పనిచేయవలసి వస్తుంది. ఉష్ణమాపకం లేనిదైతే పొగ రావడానికి అంత సమయం కూడ పట్టదు.

రెండవ ఆపద ఇంకా సూక్ష్మమైనది. లిథియం బ్యాటరీలో రక్షక పరికరం ఒకటి ఉంటుంది. ఏదైనా ఘటం హద్దు మీరితే అది బ్యాటరీని క్షణంలో తెంచివేస్తుంది. నూరు ఆంపియర్లు ప్రవహిస్తున్న దారి హఠాత్తుగా మూసుకొనిపోతే రోటారు అయస్కాంతం అంత త్వరగా చల్లారదు; వోల్టేజి ఒక్కసారిగా నూరు వోల్టుల వరకు ఎగయవచ్చును. ఆల్టర్నేటర్ డయోడ్లు, వాటితో పాటు వైర్‌లెస్, దిశాదర్శక పరికరాలు ఆ దెబ్బకు బలి అవుతాయి. ఇంజను తిరుగుతుండగా బ్యాటరీ స్విచ్చిని ఆపినవారు సీసపు బ్యాటరీల కాలంలోనూ ఈ పాఠం నేర్చుకొన్నారు. ఇప్పుడు ఆ పనిని బ్యాటరీయే చేయగలదు. విరుగుడు ఏమనగా, తెంచడానికి ముందే బ్యాటరీ రెగ్యులేటర్‌కు సంకేతమివ్వవలెను, రెగ్యులేటర్ రోటారు విద్యుత్తును ఆపవలెను. అమెరికాలోని బోటుల ప్రమాణాల మండలి 2022లో లిథియం బ్యాటరీలకు ప్రత్యేక ప్రమాణాన్ని వెలువరించడం ఈ విషయపు తీవ్రతను సూచిస్తున్నది. మరొక మార్గం కూడ ఉన్నది. ఆల్టర్నేటర్‌ను ఇంజను సీసపు బ్యాటరీకే కలిపి, అక్కడ నుండి పరిమితమైన విద్యుత్తును, 30 ఆంపియర్లు అనుకొందాము, మధ్యవర్తి ఛార్జరు ద్వారా లిథియం బ్యాటరీకి పంపడం. తీరం వెంబడి తిరిగే నావలకు ఇదియే మేలని నా అభిప్రాయం. మహాసముద్రాలు దాటేవారి అవసరం వేరు.

మన విశాఖ, కాకినాడ, నిజాంపట్నం రేవుల మరపడవలకు ఇదంతా అవసరమా అని అడుగవచ్చును. పెద్ద ఆల్టర్నేటర్ అవసరం తక్కువే. వేటలో వాటి ఇంజను చాలసేపు తిరుగుతూనే ఉంటుంది, నింపడానికి సమయానికి కొదవ లేదు. వాటికి పనికివచ్చేది రెగ్యులేటర్ పాఠంలో మరొక అంశం. సీసపు బ్యాటరీకి 25 డిగ్రీల వద్ద తగిన 14.4 వోల్టులు 45 డిగ్రీల వద్ద అధికం. ఒక్కొక్క డిగ్రీకి సుమారు 0.024 వోల్టు చొప్పున తగ్గించితే 13.9 సరిపోతుంది. చల్లని దేశంలో నిర్ణయించిన అంకెను మే నెల ఇంజను గదిలో అట్లే ఉంచితే నీరు ఆవిరై, పలకలు తుప్పుపట్టి, బ్యాటరీ ఉబ్బుతుంది. బ్యాటరీ ఒంటిపై ఉష్ణమాపకం ఉన్న రెగ్యులేటర్ ఈ లెక్కను తానే చేసుకొంటుంది.

బిగింపు పూర్తి అయిన తరువాత నావను వెంటనే దూరం తీసుకొనిపోరాదు. బ్యాటరీలను సగం ఖాళీ చేసి, రేవులోనే ఒక గంటసేపు ఇంజను నడిపి, పది నిమిషాలకొకమారు ఆల్టర్నేటర్ వేడిని, బ్యాటరీ వద్ద వోల్టేజిని, తీగల కొనల వెచ్చదనాన్ని పరిశీలించి వ్రాసుకొనవలెను. కొత్త బెల్టు మొదటి కొన్ని గంటలలో సాగుతుంది. మరల బిగించవలసి ఉంటుంది. తీసివేసిన పాత ఆల్టర్నేటర్‌ను పాత సామానుల వర్తకునికి అమ్మవద్దు. దాని రెగ్యులేటర్ దానిలోనే ఉన్నది, మరే తోడూ లేకుండా పనిచేస్తుంది. దానికి సరిపోయే బెల్టు, రెండు పానాలతో కలిపి, నూనె గుడ్డలో చుట్టి, నీరు చేరని అరలో భద్రపరచవలెను.