తొలకరికి ముందే పశువులకు టీకాలు

మృగశిర కార్తె ప్రవేశించుటతో రైతు దృష్టి యంతయు దుక్కులమీదను విత్తనములమీదను నిలుచును. పశువుల సంగతి పిమ్మట చూచుకొందమనుకొనుట సహజమే. కాని గొంతువాపు, జబ్బవాపు వ్యాధులు విజృంభించునది ఆ వానలలోనే.

గొంతువాపునే గురకవ్యాధి యనియు నందురు. ఇది గేదెలకు మిక్కిలి ప్రమాదకరము. తీవ్రమైన జ్వరము వచ్చి, గొంతు వాచి, పశువు గురకపెట్టుచు ఊపిరాడక బాధపడును. ఒక్క దినములోనే మరణింపవచ్చును. వైద్యునికి కబురంపునంతలో వేళ మించిపోవును. జబ్బవాపు ఆరు నెలలనుండి రెండేండ్ల వయస్సుగల పుష్టియైన పశువులనే ఎక్కువగా పట్టును. కావున “మా కోడె బలముగా నున్నది” అని టీకా మానుట తగదు.

టీకా వేసిన వెంటనే రక్షణ కలుగదు. రెండు మూడు వారములు పట్టును. అందువలన మే నెలలోనే వేయించుట మేలు. టీకావలన పాలు తగ్గునని కొందరు వెనుకాడుదురు. ఆ తగ్గుదల కొలది దినములదే. గేదెయే పోయినచో ఆ యింటి జీవనాధారమే పోవును.

పంచాయతీ సభ్యులను మేము కోరునది యిది. వాడవాడకు పశువుల జాబితా వ్రాయింపుడు. పశువైద్యశాలవారితో దినము నిర్ణయించి, ముందురోజే దండోరా వేయింపుడు. రోగము సోకిన పశువును వేరుగా కట్టించి, ఊరి తొట్టిలో నీరు త్రాగనీయకుడు. చచ్చిన పశువును కాలువలో పడవేయనీయక, లోతైన గోతిలో సున్నము చల్లి పూడ్పింపుడు.

పూర్వము పల్లెలను గడగడలాడించిన ముసరవ్యాధి ముఖ్యముగా ఊరూర వేసిన టీకాలవలననే అణగి, 2011లో ప్రపంచమునుండి నిర్మూలమైనట్లు ప్రకటింపబడినది. గొంతువాపు టీకా మాత్రము ఏటేట వేయింపవలెను. మీ జాబితాలోని ఒక్క పశువును విడిచిపోకుండ చూడుడు.