గాలానికి చిక్కిన చేపకు ఒక్క నిమిషం ఎంత ముఖ్యం?

సరదాకు గాలం వేసేవారిలో చాలామంది పట్టిన చేపతో ఫొటో దిగి, దాన్ని తిరిగి నీటిలో వదిలేస్తారు. చేప ఈదుకుంటూ వెళ్లిపోతే దానికి ఏ హానీ జరగలేదని అనుకుంటాం. నిజానికి అది బతుకుతుందా లేదా అన్నది, మనం దాన్ని ఎంతసేపు బయట ఉంచామన్న దానిపై చాలావరకు ఆధారపడి ఉంటుంది.

1992లో కెనడా శాస్త్రవేత్తలు రెయిన్‌బో ట్రౌట్ చేపలను అలసిపోయేదాకా ఈదించి పరీక్షించారు. వెంటనే నీటిలోనే ఉంచినవాటిలో 88 శాతం బతికాయి. 30 సెకన్లు గాలిలో ఉంచినవాటిలో 62 శాతం, 60 సెకన్లు ఉంచినవాటిలో 28 శాతమే మిగిలాయి. అన్ని జాతులకూ ఇవే అంకెలు వర్తించవు. అయినా బయట ఉంచే సమయాన్ని తగ్గించాలన్న పాఠం మాత్రం అన్నిటికీ ఒకటే.

మొప్పల్లోని సన్నని పొరలు నీటిలో విడివిడిగా తేలుతూ ఆక్సిజన్‌ను పీల్చుకుంటాయి. గాలిలోకి రాగానే, తడిసిన కాగితాల్లా ఒకదానికొకటి అతుక్కుపోతాయి. గాలంతో పెనుగులాడి అలసిన చేపకు సరిగ్గా ఆక్సిజన్ ఎక్కువ కావలసిన సమయంలోనే అది అందకుండా పోతుంది.

సూరత్ వంటి వేడి ప్రాంతంలో మరింత జాగ్రత్త అవసరం. 20 డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద అది 7.5కు తగ్గుతుంది. అందుకే వేసవి మధ్యాహ్నాల్లో తాపీ నదిలో పట్టి వదిలే సరదాను మానుకోవడమే మేలు.

మిగతా వేళల్లో చేపను పట్టుకునే ముందు చేతులు తడుపుకోవాలి. పొడి చేతులు దాని ఒంటిమీది జిగురు పొరను చెరిపేస్తాయి. రోగక్రిముల నుంచి దాన్ని కాపాడేది ఆ పొరే. కొనలో ఎదురుముల్లు లేని గాలమైతే తేలిగ్గా ఊడుతుంది. గాలాన్ని చేప లోతుగా మింగితే లాగకుండా, దారాన్ని దగ్గరగా కత్తిరించడం మంచిది.

ఆ దారపు ముక్కలను మాత్రం ఒడ్డున వదలకూడదు. నైలాన్ దారం ఎంత గట్టిదో సూరత్ మరమగ్గాలపై పనిచేసే తెలుగు కార్మికులకు చెప్పనక్కర్లేదు. ఉత్తరాయణ్ గాలిపటాల పండుగకు అది పక్షుల రెక్కలను ఎలా కోస్తుందో ఊరంతటికీ తెలుసు. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నైలాన్ మాంజాను దేశమంతటా నిషేధించింది. గాలం దారమూ చాలావరకు అదే నైలాన్. నది ఒడ్డున కొంగలు, నీటికాకుల కాళ్లకు చుట్టుకుంటే ఫలితమూ అదే.

ఇంకొక మర్యాద సాటి మనుషుల పట్ల. ఎగువన ఉకాయ్ జలాశయంలో చేపలవేట ఎందరో గిరిజనులకు జీవనాధారం. వారి వలల దగ్గర గాలం వేయకూడదు. అనుమతి అవసరమైన చోట ముందే తీసుకోవాలి. బొచ్చె, రాగండి వంటి చేపలు వానాకాలంలో గుడ్లు పెడతాయి. ఆ నెలల్లో గాలాన్ని పక్కన పెడితే, వచ్చే ఏడాది వారి వలల్లోనూ చేపలుంటాయి.