కొలత కాదు, రేణువే ప్రమాదం

అల్యూమినియం గిన్నె ఏళ్ల తరబడి పొయ్యి మీద ఉన్నా అంటుకోదు. అదే లోహం మెత్తని పొడి అయితే మతాబులో తెల్లగా మండిపోతుంది. తేడా ఉపరితలంలో ఉంది. సెంటీమీటరు ఘనాన్ని 10 మైక్రాన్ల ఘనాలుగా కోస్తే గాలి తగిలే వైశాల్యం 6 చదరపు సెంటీమీటర్ల నుంచి 6,000కు పెరుగుతుంది. ఇంట్లో బాణసంచా మందు కలిపే ఔత్సాహికులు తూకం సరిగ్గా ఉంటే చాలనుకుంటారు. అసలు ముప్పు రేణువు సైజులో, ఆకారంలో ఉంది; అది త్రాసుకు అందదు, కంటికీ ఆనదు.

మన తాతలు దీపావళికి చిచ్చుబుడ్లు ఇంట్లోనే కూరేవారు కదా అంటారు. నిజమే. కానీ వాళ్లు ఎక్కువగా వాడింది ఇనుప రజను. ఆ ముతక రజను రవ్వలుగా ఎగిరి గాలిలో తీరిగ్గా కాలుతుంది. పలుచని రేకుల్లాంటి అల్యూమినియం పొడి ఆక్సిజన్ ఇచ్చే లవణంతో కలిస్తే ఆ తీరిక ఇవ్వదు. నైలాన్ చొక్కా రాపిడికి పుట్టే స్థిర విద్యుత్తు కూడా దాన్ని రాజేయగలదు. నీళ్లు చల్లితే మరీ చేటు: మండుతున్న లోహం నీటి నుంచి హైడ్రోజన్‌ను విడదీసి మంటను ఎగదోస్తుంది. శివకాశి బాణసంచా కర్మాగారాల్లోనూ పేలుళ్లు జరగడం లేదా? జరుగుతున్నాయి, నిబంధనలు గాలికొదిలిన చోట మరీనూ. అయితే షెడ్డుకూ షెడ్డుకూ మధ్య దూరం, షెడ్డులో ఇంతమంది మనుషులే, ఇంత మందుగుండే అన్న హద్దులు 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనల్లో ఉన్నాయి. మేడ మీది గదిలో కలిపేవాడికి ఆ దూరం ఎక్కడిది?